ఎడిన్‌బరో చుట్టూ గోల్ఫ్: ఏ కోర్సును ఏ వేళ ఆడాలి

స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరోకు గోల్ఫ్ కోసం వెళ్లేవారు సాధారణంగా పేరున్న కోర్సుల (గోల్ఫ్ మైదానాల) జాబితా ఒకటి దగ్గర పెట్టుకుని, దొరికిన రోజున దొరికిన సమయానికి బుక్ చేసుకుంటారు. ఆట వరకే అయితే అది చాలు. చుట్టూ ఉన్న కొండలను, సముద్రాన్ని కూడా కళ్లారా చూడాలనుకునేవారు మాత్రం ముందు వేళను నిర్ణయించుకుని, ఆ తరువాత కోర్సును ఎంచుకోవాలి. నగరానికి దక్షిణాన కొండలు, ఉత్తరాన ఫర్త్ ఆఫ్ ఫోర్త్ అనే విశాలమైన సముద్రపు పాయ, తూర్పున ఈస్ట్ లోథియన్ ఇసుక తీరం ఉన్నాయి. ఎండ ఏ వైపు నుంచి పడుతున్నది, గాలి ఎటు నుంచి వీస్తున్నది అన్నదానిని బట్టి ఒకే కోర్సు ఉదయం ఒక విధంగా, సాయంత్రం మరొక విధంగా కనిపిస్తుంది. ఈ రెండింటినీ లెక్కలోకి తీసుకుని నాలుగైదు రోజుల పర్యటనను ఎలా అమర్చుకోవాలో ఇక్కడ వివరిస్తాను.

ఏ నెలలో వెళ్లాలి

మే రెండవ సగం నుంచి సెప్టెంబరు చివరి వరకు అనుకూలమైన కాలం. జూన్ చివరి వారాల్లో ఉదయం నాలుగున్నర ప్రాంతంలో తెల్లవారి, రాత్రి పది గంటల వరకు వెలుతురు ఉంటుంది. మధ్యాహ్నం మూడు గంటలకు మొదలుపెట్టినా, ఆట ముగిసేటప్పటికి ఇంకా పొద్దు మిగిలే ఉంటుంది. సాయంత్రపు ఆటకు కొన్ని కోర్సులు రుసుము తగ్గిస్తాయి కూడా. ఏప్రిల్, మే నెలల్లో గోర్స్ ముళ్లపొదలు పసుపు పచ్చగా విరబూసి కొండ కోర్సులకు ఎనలేని శోభను తెస్తాయి గనుక, పూల కోసం కొంచెం చలిని భరించడానికి సిద్ధపడేవారు ముందే వెళ్లవచ్చు. డిసెంబరు, జనవరి నెలల్లో సుమారు మూడున్నర, నాలుగున్నర మధ్యనే పొద్దు గుంకుతుంది. మంచు గడ్డకట్టిన ఉదయాల్లో అసలు గ్రీన్లను (బంతిని చేర్చవలసిన రంధ్రం చుట్టూ గడ్డిని నున్నగా కత్తిరించిన చోట్లను) మూసివేసి తాత్కాలికమైనవి వాడిస్తారు. దూరం నుంచి వెళ్లేవారికి ఆ నెలలను నేను సూచించను.

వేసవిలో కూడా పగటి ఉష్ణోగ్రత సగటున 19 డిగ్రీల దగ్గరే ఉంటుంది. హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో ఆడే అలవాటున్నవారు ఈ అంకెను చూసి హాయిగా ఉంటుందని అనుకుంటారు గాని, తీరంలో గాలి వీస్తుంటే అది చలికాలపు తెల్లవారుజామున బయట నిలుచున్నట్లే ఉంటుంది. ఒక మందపాటి స్వెటరు బదులు రెండు మూడు పలుచని పొరలు, వాటిపై వాన తడవని కోటు, ప్యాంటు, నీరు దిగని బూట్లు, చెవులు కప్పే ఉన్ని టోపీ తప్పనిసరి. ముందు అంచు మాత్రమే ఉండే ఎండ టోపీని తీరపు గాలి ఎగరగొట్టేస్తుంది.

మొదటి సాయంత్రం: బ్రెయిడ్ హిల్స్

ఎడిన్‌బరోలో అడుగుపెట్టిన రోజున దూరం వెళ్లనవసరం లేదు. నగర కేంద్రానికి దక్షిణాన, బస్సులో చేరుకోగలిగినంత దగ్గరలోనే, సుమారు 200 మీటర్ల ఎత్తుకు లేచే బ్రెయిడ్ హిల్స్ మీద అందరికీ ప్రవేశమున్న ప్రజా కోర్సు ఉంది. పందొమ్మిదవ శతాబ్దం చివరికి నగరంలోని బ్రంట్స్‌ఫీల్డ్ మైదానం గోల్ఫ్ ఆడేవారితో, నడిచేవారితో కిక్కిరిసిపోవడంతో నగర పాలక సంస్థ ఈ కొండను సేకరించి 1889లో కోర్సును తెరిచింది. సభ్యత్వం గాని, సిఫారసు గాని అక్కరలేదు. రుసుము కూడా తీరంలోని ప్రసిద్ధ క్లబ్బులతో పోలిస్తే చాలా తక్కువ.

దృశ్యం విషయంలో మాత్రం ఇది దేనికీ తీసిపోదు. కొండ పైభాగపు హోల్స్‌కు (మొదటి దెబ్బ కొట్టే చోటు నుంచి రంధ్రం వరకు ఉండే ఒక్కొక్క ఆట భాగానికి హోల్ అని పేరు) చేరుకున్నాక ఉత్తరం వైపు తిరిగి నిలుచుంటే ఎడిన్‌బరో కోట, దానికి కుడివైపున ఆర్థర్స్ సీట్ అనే 251 మీటర్ల అగ్నిపర్వత శేషం, వాటి వెనుక సముద్రపు పాయ, అవతలి ఒడ్డున ఫైఫ్ ప్రాంతపు తీరం ఒకే చూపులో కనిపిస్తాయి. వెనుదిరిగితే పెంట్‌లాండ్ కొండల వరుస. నగరం ఉత్తర దిశలో ఉన్నందువల్ల ఎండ కళ్లలో పడదు. సాయంత్రం పడమటి నుంచి ఏటవాలుగా వచ్చే వెలుతురులో కోట గోడలు, చర్చి గోపురాలు విడివిడిగా తేలి కనిపిస్తాయి. అందుచేత ఈ కోర్సును సాయంత్రానికే ఉంచుకోవడం మంచిది.

ఆటపరంగా చెప్పాలంటే, ఇక్కడ సమతలమైన చోటు అరుదు. బంతి పాదాల కంటే ఎత్తులో ఉన్నప్పుడు కుడిచేతి ఆటగాడి దెబ్బ ఎడమకు, పల్లంలో ఉన్నప్పుడు కుడికి పోతుంది గనుక, ఆ మేరకు గురిని ముందే సరిచూసుకోవాలి. గోర్స్ పొదలోకి పోయిన బంతిని వెతికి ప్రయోజనం లేదు. ఒక స్ట్రోకు (దెబ్బ) శిక్ష తీసుకుని, ముందు కొట్టిన చోటు నుంచే మరొక బంతిని ఆడడమే తెలివైన పని. కొండ మీద కుక్కలతో నడిచేవారు, గుర్రాల మీద వెళ్లేవారు కూడా ఉంటారు. 2003 నాటి భూ సంస్కరణల చట్టం ప్రకారం స్కాట్లాండ్‌లో గోల్ఫ్ కోర్సుల మీదుగా బాధ్యతతో నడిచి వెళ్లే హక్కు ప్రజలందరికీ ఉంది. వారు దాటే వరకు ఆగి ఆడాలి. బంతి ఎవరి వైపైనా పోతే సంకోచించకుండా ‘ఫోర్’ అని గట్టిగా కేకవేయాలి.

కుటుంబంతో వెళ్లినవారు, వారిలో గోల్ఫ్ తెలియనివారు ఉంటే, బ్రంట్స్‌ఫీల్డ్ మైదానానికి ఒకసారి తీసుకువెళ్లాలి. అక్కడ వేసవిలో చిన్న హోల్స్ కోర్సు ఉచితంగా అందుబాటులో ఉంటుంది. చదువుకుంటున్న పిల్లలను చూడడానికి వేసవిలో ఎడిన్‌బరో వెళ్లే మన తల్లిదండ్రులకు గోల్ఫ్ కర్ర మొదటిసారి పట్టుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు.

మజిల్‌బరో: చరిత్ర కోసం ఒక పూట

నగరానికి తూర్పున పది కిలోమీటర్ల లోపే ఉన్న మజిల్‌బరో ఓల్డ్ లింక్స్‌లో (లింక్స్ అంటే తీరపు ఇసుక నేల మీది గోల్ఫ్ మైదానం) దృశ్యం కంటే చరిత్ర ఎక్కువ. తొమ్మిది హోల్స్ ఈ కోర్సు గుర్రపు పందేల మైదానం లోపల ఉంది. 1672లో ఇక్కడ గోల్ఫ్ ఆడినట్లు రాతపూర్వక ఆధారం ఉన్నది. 1874 నుంచి 1889 వరకు ఆరుసార్లు గోల్ఫ్‌లో ప్రసిద్ధమైన ఓపెన్ ఛాంపియన్‌షిప్ పోటీ ఇక్కడే జరిగింది. 1810లో స్థానిక క్లబ్బు చేపలమ్మే స్త్రీలకు గోల్ఫ్ పోటీ పెట్టి, గెలిచినవారికి కొత్త చేపల బుట్ట, శాలువా బహుమతిగా ఇవ్వాలని తీర్మానించింది. స్త్రీల గోల్ఫ్ పోటీలకు సంబంధించి మనకు తెలిసిన తొలి ప్రస్తావనల్లో ఇది ఒకటి. ఆ కాలపు హికరీ చెక్కతో చేసిన గోల్ఫ్ కర్రలను (వీటినీ క్లబ్బులనే అంటారు) ఇక్కడ అద్దెకు తీసుకుని ఆడవచ్చు. ఆధునిక క్లబ్బులతో ఆడితే ఈ కోర్సు చిన్నదిగా అనిపించవచ్చు గాని, హికరీతో ఆడినప్పుడు ప్రతి హోల్ తన అసలు పొడవును సంతరించుకుంటుంది. పందేలు జరిగే రోజుల్లో ఆట ఉండదు గనుక తేదీని ముందే సరిచూసుకోవాలి.

దారిలో లీత్ లింక్స్ దగ్గర కొద్దిసేపు ఆగండి. 1744లో గోల్ఫ్‌కు తొలి 13 లిఖిత నియమాలు ఏర్పడినది అక్కడే. ఆ ఏడాది పోటీలో వెండి క్లబ్బును బహుమతిగా గెలిచిన శస్త్రవైద్యుడు జాన్ రాట్రే విగ్రహం ఆ మైదానంలో ఉంది. ఇప్పుడది పచ్చిక పార్కు మాత్రమే.

గలన్ కొండ: ఉదయం

ఎడిన్‌బరో పరిసరాల్లో ఒక్క చోటు నుంచే అన్ని దిక్కులూ చూడాలంటే గలన్ కోర్సులోని ఏడవ టీ (ఏడవ హోల్‌లో మొదటి దెబ్బ కొట్టే చోటు) మీద నిలబడాలి. నగరానికి తూర్పుగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ గ్రామంలో, ఒకే క్లబ్బు చేతిలో మూడు 18 హోల్స్ కోర్సులు ఉన్నాయి. 1882లో స్థాపించిన ఈ క్లబ్బు మొదటి నంబరు కోర్సు మీద 2015, 2018 సంవత్సరాల్లో స్కాటిష్ ఓపెన్ జరిగింది. ఆట గ్రామ వీధి పక్కనే మొదలై కొండ ఎక్కుతుంది. ఏడవ టీకి చేరుకునేటప్పటికి పడమట అబర్‌లేడీ ఖాతం, దాని అవతల ఆర్థర్స్ సీట్, గాలి తేటగా ఉన్న రోజున ఇంకా దూరాన ఫోర్త్ వంతెనలు, ఉత్తరాన ఫైఫ్ తీరం కనిపిస్తాయి. ఆ టీ నుంచి హోల్ కొండ దిగువకు పోతుంది. బంతి గాలిలో చాలాసేపు తేలుతూ ఉంటుంది గనుక పక్కగాలి ఉంటే అనుకున్న దానికంటే రెండింతలు పక్కకు జరుగుతుందని లెక్కవేసుకోవాలి.

ఈ దృశ్యంలో ముఖ్యభాగం పడమటి వైపు ఉన్నది. ఉదయం ఎండ మన వీపు మీద పడి నగరాన్ని, వంతెనలను, ఖాతంలోని ఇసుక మేటలను వెలిగిస్తుంది. సాయంత్రం అవే వెలుగుకు ఎదురుగా నీడలుగా మారతాయి. అందువల్ల ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య మొదలుపెట్టి, పదిన్నర లోపల ఆ టీకి చేరుకునేలా చూసుకోండి.

మొదటి నంబరు కోర్సు దొరకకపోతే నిరాశపడనవసరం లేదు. రెండవ నంబరు కోర్సు అదే కొండ మీదుగా వెళ్లి, బ్రిటన్‌లో తొలి స్థానిక ప్రకృతి రక్షిత ప్రాంతంగా 1952లో ప్రకటించిన అబర్‌లేడీ ఖాతం అంచుకు దిగుతుంది. మూడవది పొట్టిది, వయసు పైబడినవారు, ఆట కొత్తగా నేర్చుకున్నవారు హాయిగా ఆడవచ్చు. ఈ రెండింటి రుసుమూ మొదటిదాని కంటే తక్కువే, గాలీ సముద్రమూ మాత్రం అవే. నా దృష్టిలో, డబ్బు లెక్క చూసుకునేవారు గలన్‌లో రెండవ నంబరు కోర్సును ఆడి, మిగిల్చిన సొమ్మును నార్త్ బెరిక్ కోసం ఉంచుకోవడం ఉత్తమం.

అదే గ్రామ శివారులో మ్యూర్‌ఫీల్డ్ ఉంది. 1744 నాటి నియమాలను రూపొందించిన ఆటగాళ్ల సంఘం మజిల్‌బరో నుంచి 1891లో అక్కడికి చేరింది. మొదటి తొమ్మిది హోల్స్ బయటి వలయంగా ఒక దిశలో, తరువాతి తొమ్మిది లోపలి వలయంగా ఎదురు దిశలో తిరగడం వల్ల గాలి ప్రతి హోల్‌లోనూ కొత్త ప్రశ్న వేస్తుంది. 2017లో స్త్రీలకు సభ్యత్వం ఇవ్వాలని తీర్మానించిన ఈ క్లబ్బులో 2022లో మహిళల ఓపెన్ కూడా జరిగింది. సందర్శకులకు వారంలో నిర్ణీత రోజుల్లోనే ప్రవేశం ఉంటుంది. హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని తెలిపే అంకె) రుజువు అడుగుతారు. చాలా నెలల ముందే రాయాలి. ఆటగా దానికి సాటి వచ్చేవి ప్రపంచంలో కొన్నే ఉంటాయి. కాని సముద్రం అక్కడ కాస్త దూరంగా నిలుస్తుంది. దృశ్యం కోసమే వెళ్లేవారు దానిని జాబితాలో మొదట పెట్టుకోనవసరం లేదు.

నార్త్ బెరిక్: మధ్యాహ్నం నుంచి సాయంత్రం వరకు

ఎడిన్‌బరో వేవర్లీ స్టేషన్‌లో రైలెక్కితే అరగంటకు కాస్త అటూ ఇటూగా నార్త్ బెరిక్ చేరుకుంటారు. స్టేషన్ నుంచి వెస్ట్ లింక్స్ కోర్సుకు గోల్ఫ్ సంచి భుజాన వేసుకుని నడిచి వెళ్లవచ్చు. కారు అద్దెకు తీసుకోని ప్రయాణికుడికి ఇది పెద్ద సౌకర్యం. 1832లో క్లబ్బు ఏర్పడిన ఈ కోర్సు తీరం వెంట పడమటికి పోయి, తిరిగి తూర్పున ఊరికి వస్తుంది. వెళ్లేటప్పుడు కుడివైపున ఇసుక తీరం. క్రెయిగ్‌లీత్, లాంబ్, ఫిడ్రా దీవులు ఒకదాని తరువాత ఒకటి కనిపిస్తాయి. తిరిగి వచ్చేటప్పుడు ఎదురుగా ఊరి ఇళ్లు, వాటి వెనుక 187 మీటర్ల నార్త్ బెరిక్ లా అనే కోసుగా లేచిన కొండ, సముద్రంలో బాస్ రాక్ ఉంటాయి.

సముద్రం నుంచి నిలువుగా వంద మీటర్లకు పైగా లేచిన ఆ బాస్ రాక్ వసంతం నుంచి అక్టోబరు వరకు గానెట్ పక్షులతో తెల్లబడి ఉంటుంది. 2014 నాటి లెక్కలో అది ప్రపంచంలోనే అతిపెద్ద గానెట్ స్థావరం. 2022లో వచ్చిన బర్డ్ ఫ్లూ వల్ల వాటి సంఖ్య బాగా తగ్గింది. ఎండ పడినప్పుడు ఆ శిల మెరిసే తీరును చూడాలంటే సూర్యుడు మన వెనుక, అంటే పడమట ఉండాలి. మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య మొదలుపెడితే మొదటి సగం పడమటికి, సాధారణంగా అటు నుంచే వీచే గాలికి ఎదురుగా ఆడతారు. రెండవ సగంలో గాలీ వెలుతురూ రెండూ వెనుక నుంచి తోడు వస్తాయి. ఉదయం పూట ఆడితే ఇంటిముఖం పట్టే హోల్స్‌లో ఈ వెలుతురు దొరకదు.

కోర్సులో రెండు హోల్స్ గురించి ముందే తెలుసుకుని వెళ్లాలి. పదమూడవ హోల్‌లో గ్రీన్‌కు ముందు పాతకాలపు రాతిగోడ అడ్డంగా ఉంటుంది. దాని మీదుగా బంతిని ఎత్తి వేయగలిగిన దూరంలో లేకపోతే, మొండిగా ప్రయత్నించక గోడకు దూరంగా, పైకి లేపడానికి చోటు మిగిలేలా వేసి, తరువాతి దెబ్బతో గ్రీన్ చేరుకోవాలి. గోడను ఆనుకుని బంతి ఆగితే వెనక్కి ఆడడం తప్ప దారి ఉండదు. పదిహేనవ హోల్ ‘రెడాన్’. మూడు స్ట్రోకుల్లో ముగించవలసిన ఈ హోల్‌ను ప్రపంచమంతటా కోర్సుల నిర్మాతలు అనుకరించారు. గ్రీన్ ముందు కుడి మూల నుంచి వెనుక ఎడమ మూలకు వాలి ఉంటుంది. ఎడమ ముందు భాగంలో లోతైన బంకర్ (ఇసుక గుంట) కాపలా కాస్తుంది. జెండాకు సూటిగా గురిపెట్టకూడదు. కుడివైపు ముందు భాగంలో బంతిని దింపి, వాలు వెంట ఎడమకు దొర్లనివ్వాలి. ఈ దెబ్బ అనుకున్నట్లు పడి, బంతి మెల్లగా వంపు తిరిగి జెండా వైపు సాగడాన్ని చూడడం ఈ ఆటలోని గొప్ప ఆనందాల్లో ఒకటి.

పద్దెనిమిదవ హోల్ కుడి పక్కన కార్లు నిలిపి ఉంటాయి. అక్కడ అన్నిటికంటే దూరం కొట్టే డ్రైవర్ అనే క్లబ్బుకు బదులు, దూరం తక్కువైనా గురి తేలికైన ఐరన్ క్లబ్బును తీసుకోండి.

అదే ఊరికి తూర్పు కొసన గ్లెన్ అనే మరొక కోర్సు ఉంది. సందర్శకులు దీనిని తరచుగా వదిలేస్తారు, అది అన్యాయం. ఇది సముద్రపు కొండ అంచు మీద ఉంది. బాస్ రాక్ ఇక్కడికి వెస్ట్ లింక్స్ కంటే బాగా దగ్గర. ఎత్తైన టీ నుంచి తీరాన్ని ఆనుకున్న గ్రీన్‌కు దిగే పదమూడవ హోల్ ఒక్కదాని కోసమైనా ఆడదగినది. వెస్ట్ లింక్స్‌లో సమయం దొరకనివారు దీనిని రెండవ తరగతి ప్రత్యామ్నాయంగా కాక, దృశ్యంలో దానికంటే మిన్నగా భావించి వెళ్లాలని నా సలహా.

పొగమంచు వస్తే

వసంతం, వేసవి తొలినాళ్లలో తూర్పుగాలి మెల్లగా వీచే రోజున సముద్రం మీద నుంచి ‘హార్’ అనే చల్లని పొగమంచు తీరాన్ని కప్పేస్తుంది. అప్పుడు బాస్ రాక్ సంగతి అటుంచి, గ్రీన్ మీది జెండా కూడా కనబడదు. చాలాసార్లు ఎండ ముదిరే కొద్దీ అది సముద్రం వైపు వెనక్కి పోతుంది గనుక, ఉదయపు ఆటను మధ్యాహ్నానికి మార్చమని క్లబ్బును అడిగి చూడవచ్చు. అది వీలుకాకపోతే నగరానికి పడమట లోపలికి వెళ్లాలి. డల్మహోయ్‌లో పెద్ద చెట్ల మధ్య జేమ్స్ బ్రెయిడ్ రూపొందించిన కోర్సు ఉంది. 1992లో యూరప్, అమెరికా మహిళా జట్ల మధ్య జరిగే సోల్‌హైమ్ కప్ పోటీ అక్కడ జరిగింది. తీరంలో మంచు ఉన్నా అక్కడ ఎండ కాసే అవకాశం ఎక్కువ. ఆర్థర్స్ సీట్ పాదాల దగ్గరున్న ప్రెస్టన్‌ఫీల్డ్, డడ్డింగ్‌స్టన్ కోర్సులు కూడా అటువంటి రోజుకు పనికివస్తాయి.

తేటగా ఉన్న రోజు ఒకటి మిగిలితే, 1890 నాటి ఫోర్త్ రైలు వంతెన దాటి అబర్‌డూర్ వెళ్లండి. ఆ ఊరి కోర్సు నుంచి నీటి మధ్య ఇంచ్‌కామ్ దీవి, దాని మీది పాత మఠం, దూరాన ఎడిన్‌బరో నగరం కనిపిస్తాయి. వంతెన మీది రైలు ప్రయాణమే ఆ రోజు ఖర్చుకు సగం విలువ చేస్తుంది.

ఇసుక నేల మీద ఆడే తీరు

హైదరాబాదులో నయా ఖిల్లా గోడల పక్కన ఆడేవారు బంతిని ఎత్తుగా లేపి గ్రీన్ మీదనే దింపడానికి అలవాటు పడి ఉంటారు. తీరపు ఇసుక నేలలో వాన నీరు వెంటనే ఇంకిపోయి మట్టి గట్టిగా ఉంటుంది. అలా దింపిన బంతి ఎగిరి గ్రీన్ వెనుకకు పోతుంది. గ్రీన్‌కు ఇరవై గజాల ముందే దింపి దొర్లించడం నేర్చుకోవాలి. గ్రీన్ బయట ఉన్నా, గడ్డి పొట్టిగా ఉన్నంత వరకు బంతిని నేల మీద దొర్లించే పట్టర్ క్లబ్బునే వాడడం మేలు. ఎదురుగాలిలో గట్టిగా కొట్టాలనిపిస్తుంది. అలా కొట్టిన బంతి ఎక్కువ తిరుగుడుతో ఇంకా పైకి లేస్తుంది. మామూలు కంటే ఒకటి రెండు మెట్లు ఎక్కువ దూరం కొట్టే క్లబ్బు తీసుకుని, బంతిని కాస్త వెనుక పాదం వైపు ఉంచి, నిదానంగా ఊపాలి. లోతైన చిన్న బంకర్లలో ముందు గోడ దగ్గర ఇరుక్కుంటే పక్కకో వెనక్కో ఆడి బయటపడండి. పోయిన బంతిని వెతకడానికి మూడు నిమిషాలే గడువు గనుక, అనుమానం ఉన్నప్పుడల్లా మరొక బంతిని తాత్కాలికంగా ఆడి ముందుకు సాగాలి.

ఇక్కడివారు వేగంగా నడిచి ఆడతారు. ఎక్కి తిరిగే బండ్లు తక్కువ. మోకాళ్ల నొప్పులు, ఇతర ఆరోగ్య కారణాలు ఉండి బండి కావలసినవారు బుక్ చేసేటప్పుడే ఆ సంగతి క్లబ్బుకు రాయాలి. చేతితో తోసే ట్రాలీ, అద్దె క్లబ్బులు పెద్ద కోర్సుల్లో దొరుకుతాయి కాబట్టి భారతదేశం నుంచి బరువు మోసుకుపోనవసరం లేదు. బూట్లు, చేతి తొడుగులు మాత్రం మీవే తీసుకువెళ్లండి.

బుకింగ్ వరుస

ముందుగా నార్త్ బెరిక్ మధ్యాహ్నపు సమయాన్ని, తరువాత గలన్ ఉదయపు సమయాన్ని ఖాయం చేసుకోవాలి; వేసవికి ఈ రెండూ నెలల ముందే నిండిపోతాయి. శనివారాల్లో సభ్యుల పోటీలు ఉంటాయి గనుక సోమవారం నుంచి శుక్రవారం లోపల చూడండి. మజిల్‌బరో, గ్లెన్, అబర్‌డూర్ ఆ తరువాత. బ్రెయిడ్ హిల్స్‌ను చివరికి వదిలేసినా ఏదో ఒక సాయంత్రం దొరుకుతుంది. ఒకే రోజున గలన్, నార్త్ బెరిక్ రెండూ ఆడాలని ఎవరైనా ఉత్సాహపడితే, దూరం తక్కువే గనుక వీలవుతుంది. కాని రెండవ ఆటలో కాళ్లు నొప్పిపుట్టి చుట్టూ చూసే ఓపిక ఉండదు. 2020 నుంచి అమలులోకి వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతి స్కాట్లాండ్‌లోనూ ఉంది. మీ సూచికను తెలిపే పత్రాన్ని ఫోన్‌లోను, కాగితం మీదా ఉంచుకోండి.

గోల్ఫ్‌కు పుట్టినిల్లుగా పేరొందిన సెయింట్ ఆండ్రూస్ కూడా వెళ్లాలనుకునేవారు దానికి విడిగా ఒకటి రెండు రోజులు కేటాయించాలి. అక్కడి ఓల్డ్ కోర్సు ఆదివారాల్లో గోల్ఫ్‌కు మూసి ఉంటుంది. ముందుగా బుక్ కానివారు ఆడదలచిన రోజుకు రెండు రోజుల ముందు చీటీల పద్ధతిలో పేరు ఇచ్చి, అదృష్టం ఎలా ఉందో చూసుకోవాలి. ఎడిన్‌బరోలో బస చేస్తూనే పేరు ఇచ్చి, చీటీ తగిలిన రోజున మాత్రమే అటు ప్రయాణమయ్యేలా చివరి రెండు రోజులను ఖాళీగా ఉంచుకోవడం మంచిది. తగలకపోతే ఆ రోజున గ్లెన్‌లోనో అబర్‌డూర్‌లోనో ఆడవచ్చు.